ఇంటి సర్వర్ డ్రైవులకు ఏ ఫైల్ సిస్టమ్ వేయాలి? వైజాగ్ ఇళ్లకు పనికొచ్చే పద్ధతి

పాత డెస్క్‌టాప్‌కి పెద్ద హార్డ్ డిస్క్ తగిలించి, లినక్స్ వేసి, ఇంట్లో అందరి ఫోన్లలోని ఫోటోలూ వీడియోలూ అందులోకి పంపిద్దామని చాలామంది మొదలుపెడతారు. డ్రైవు ఫార్మాట్ చేసే దగ్గరికి, అంటే డిస్కు మీద ఫైళ్లను సర్దే పద్ధతిని (ఫైల్ సిస్టమ్‌ను) ఎంచుకునే దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. అక్కడ నాలుగైదు పేర్లు కనిపిస్తాయి, ఏది నొక్కినా పని జరిగిపోయేలాగే ఉంటుంది. నిజానికి మొదట్లో ఏది నొక్కినా తేడా తెలియదు. కరెంటు అర్ధాంతరంగా పోయిన రోజో, డ్రైవు ముసలిదైపోయిన రోజో తెలుస్తుంది.

ముందే చెప్పేస్తాను. డ్రైవు ఒకటే అయితే ఈఎక్స్‌టీ4 వేయండి. ఒకే సైజు డ్రైవులు రెండుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్, అంటే ఒకే డేటా రెండు డ్రైవుల మీదా ఉండేలా. సైజులు కలవకపోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్1, అదీ రెండు కాపీల పద్ధతే. స్పీడు గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. ఇంట్లో గిగాబిట్ నెట్‌వర్కు సెకనుకి 110 మెగాబైట్లు మోయడమే గొప్ప, ఇవాళ్టి హార్డ్ డిస్క్ ఒక్కటి చాలు దాన్ని నింపడానికి. అడగాల్సిన ప్రశ్నలు రెండే. డేటా పాడైతే ఈ ఫైల్ సిస్టమ్ నాకు చెబుతుందా? చెప్పాక బాగుచేసుకోవడం నాకు చేతనవుతుందా? రెండో ప్రశ్నను జనం మరిచిపోతుంటారు. ఎక్కడో చదివి జెడ్‌ఎఫ్‌ఎస్ వేసుకుని, డ్రైవు పోయిన రాత్రి ఏ కమాండు కొట్టాలో తెలియక కూర్చునేవాళ్లే ఎక్కువ.

మొదటి పని: ఉన్నదేమిటో రాసుకోండి

ఎన్ని డ్రైవులు, ఎంతెంత, సాటా కేబులా యూఎస్‌బీయా, ర్యామ్ ఎంత. ఇంతే, ఒక కాగితం చాలు. యూఎస్‌బీ దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. చవక యూఎస్‌బీ డబ్బాలు మధ్యమధ్యలో కనెక్షన్ వదిలేస్తాయి. డిస్కు మీద ఇంకా రాయకుండానే రాసేశామని చెప్పేవీ ఉంటాయి. అలాంటి డబ్బాల మీద మిర్రర్లు కట్టొద్దు. ఒక్క డ్రైవు, ఈఎక్స్‌టీ4, బ్యాకప్ కోసం. యూఎస్‌బీకి ఆ పని సరిపోతుంది.

కొత్తగా కొంటుంటే, ద్వారకానగర్ షాపులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, మోడల్ నంబరు పట్టుకుని అది సీఎంఆరా ఎస్‌ఎంఆరా (డ్రైవు మీద ట్రాకులు రాసే రెండు పద్ధతులు) అని తయారీదారు స్పెసిఫికేషన్‌లో చూడండి. ఎస్‌ఎంఆర్ డ్రైవులో ట్రాకులు పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. ఒక ట్రాకు మార్చాలంటే దాని పక్కవాటినీ తిరిగి రాయాలి. ఫోటోలు ఒకసారి పడేసి ఊరుకుంటే ఇబ్బంది లేదు. మిర్రర్‌లో ఒక డ్రైవు పోయి, కొత్తదాని మీదికి మొత్తం కాపీ చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ప్రాణం తీస్తుంది. గంటల్లో అయ్యేది రోజులు పడుతుంది, ఒక్కోసారి మధ్యలోనే చేతులెత్తేస్తుంది. షాపు అబ్బాయి "అన్నీ ఒకటే సార్" అంటాడు. నవ్వి ఊరుకుని నంబరు చూసుకోండి.

ఇంకో సందేహం అందరికీ వస్తుంది: ఇంట్లో లాప్‌టాప్‌లన్నీ విండోస్ కదా, సర్వర్ డ్రైవు కూడా విండోస్ ఫైల్ సిస్టమైన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండాలా? అక్కర్లేదు. లాప్‌టాప్ ఆ డ్రైవును నేరుగా చదవదు, నెట్‌వర్క్ మీద సాంబా అనే ఫైల్ షేరింగ్ ప్రోగ్రాముతో మాట్లాడుతుంది. వెనక ఏ ఫైల్ సిస్టమ్ ఉందో దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లను పెన్‌డ్రైవులకు వదిలేయండి. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) అనేదే లేదు కాబట్టి రాస్తుండగా కరెంటు పోతే అది ఏ స్థితిలో ఉంటుందో చెప్పలేం.

రెండో పని: డ్రైవును పరీక్షించండి

పాత డ్రైవైనా కొత్తదైనా డేటా పెట్టేముందు స్మార్ట్ రిపోర్టు, అంటే డ్రైవు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క, తీయండి. స్మార్ట్‌మాంటూల్స్ అనే ప్యాకేజీ వేస్తే చాలు. అందులో పెద్ద పట్టిక వస్తుంది, అన్నీ చదవక్కర్లేదు. 5, 197, 198 నంబర్ల వరసలు చూడండి. 5 అంటే డ్రైవు తనంతట తాను పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్కు మీది చిన్న చిన్న గడులు), 197 అంటే చదవడానికి మొరాయిస్తూ తేలని సెక్టార్లు, 198 అంటే పరీక్షలో చదవలేకపోయినవి. కొత్త డ్రైవులో మూడూ సున్నా ఉండాలి, లేకపోతే అదే రోజు వెనక్కివ్వండి. పాత డ్రైవులో 197 సున్నా కాకపోతే దాన్ని సర్వర్‌లో పెట్టొద్దు. తర్వాత డ్రైవంతా చదివి చూసే లాంగ్ టెస్ట్ పెట్టి పడుకోండి. పెద్ద డ్రైవుకి రాత్రంతా పడుతుంది.

199వ వరసను కూడా గుర్తుపెట్టుకోండి. అది కేబుల్ తప్పుల లెక్క. దాని కథ కింద వస్తుంది.

మూడో పని: కరెంటు

ఫైల్ సిస్టమ్ గురించి చెబుతూ కరెంటు గోల ఏమిటంటారా? వైజాగ్‌లో ఈ రెండూ విడివిడి విషయాలు కావు. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేస్తే లైను ట్రిప్పవుతుంది, నిమిషంలో వస్తుంది, మళ్లీ పోతుంది. ఆ పోయి వచ్చే ఆటే డ్రైవులకు ప్రమాదం. ఇక అక్టోబర్, నవంబర్ నెలలంటే తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా ఊరి మీదికే వచ్చినప్పుడు చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, చాలదా అంటే పూర్తిగా చాలదు. కరెంటు పోయిన క్షణంలో ఇన్వర్టర్ అందుకునే లోపలే కొన్ని కంప్యూటర్లు రీస్టార్ట్ అయిపోతాయి. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, ఈ ఇబ్బంది తగ్గుతుంది. అయినా అసలు సమస్య అలాగే ఉంటుంది: బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ మీ సర్వర్‌కి చెప్పదు. ఫ్యాన్లతో పాటే సర్వరూ ఆగిపోతుంది. అందుకే యూఎస్‌బీ పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ ఒకటి తీసుకుని, దాని కేబులు సర్వర్‌కి పెట్టి, నట్ అనే ప్రోగ్రాము వేయండి. బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. రెండో డ్రైవుకా యూపీఎస్‌కా, డబ్బులు ఒకదానికే ఉన్నాయంటే నేను ముందు యూపీఎస్ కొనమంటాను.

బీచ్ రోడ్డు, పెద వాల్తేరు, రుషికొండ వైపు ఉండేవాళ్లకు ఇంకో మాట. సముద్రం వైపు కిటికీ పక్కన సర్వర్ పెట్టొద్దు. ఉప్పుగాలికి గ్రిల్స్ ఎలా తుప్పు పడతాయో మీకు తెలిసిందే. లోపలి గదిలో, నేలకి కాస్త ఎత్తులో పెట్టండి.

నాలుగో పని: ఎంచుకోవడం

ఈఎక్స్‌టీ4 2008 చివర్లో లినక్స్ 2.6.28తో స్థిరపడింది. అప్పటి నుంచి లెక్కలేనన్ని మెషీన్లలో నలిగింది. కరెంటు పోతే దాని జర్నల్ చూసుకుని క్షణాల్లో లేచి కూర్చుంటుంది. ఏదైనా తేడా వస్తే సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే టూల్ ఉంది, పోయిన ఫైళ్లు వెతికే టూల్స్ ఉన్నాయి, అడిగితే చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. దాని లోపం ఒక్కటే, కానీ పెద్దది. జర్నల్ కాపాడేది ముఖ్యంగా ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని. మీ ఫోటో లోపలి బైట్లు మారిపోతే దానికి తెలియదు. సింహాచలం చందనోత్సవం రోజు తీసిన ఫోటో తెరుస్తారు, పైసగం బాగానే ఉంటుంది, కిందిసగం బూడిదరంగు పట్టీ. డ్రైవు ఏ ఎర్రరూ చూపలేదు, ఫైల్ సైజు కూడా మారలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఈలోగా మీ బ్యాకప్ స్క్రిప్టు ఆ పాడైన కాపీని మంచి కాపీ మీద రాసేసి ఉండొచ్చు.

జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చేసే పని ఇక్కడే తేడా. ప్రతి బ్లాకుకీ ఒక చెక్‌సమ్ (ఆ బైట్ల నుంచి వచ్చే చిన్న సరిచూపు అంకె) లెక్కగట్టి విడిగా రాసిపెడతాయి. చదివిన ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టి పోల్చుకుంటాయి. కలవలేదంటే, మిర్రర్ ఉంటే రెండో డ్రైవు నుంచి మంచి కాపీ తెచ్చి మీకిచ్చి, పాడైనదాన్ని సరిచేస్తాయి. మిర్రర్ లేకపోతే పాడైన ఫోటోను బాగుందని చేతిలో పెట్టకుండా ఎర్రర్ ఇస్తాయి. పైగా రెండూ పాత బ్లాకు మీద కొత్తది రాయవు. కొత్తది ఖాళీ చోట రాసి, పూర్తయ్యాకే దానికి మారతాయి, దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు. రాస్తుండగా కరెంటు పోతే చివరి కొన్ని సెకన్ల పని పోవచ్చు గానీ అంతకుముందున్నది చెక్కుచెదరదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టింది. 2001లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ మొదలుపెట్టారు, 2005లో సోర్సు బయటికొచ్చింది. దాని లైసెన్సు లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము) లైసెన్సుతో పొసగదు కాబట్టి కెర్నల్‌లో కలవలేదు, విడిగానే ఉంటుంది. ఈ ముక్క మీకు ఎందుకంటే, కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ దానికి సరిపోకపోతే మీ పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కింద కట్టిన డ్రైవుల సమూహం) కనిపించదు. డేటా ఎక్కడికీ పోదు, కానీ ఆ పూట గుండె ఆగినంత పనవుతుంది. ఉబుంటు 16.04 నుంచి దాన్ని తనతో పాటే ఇస్తోంది, ట్రూనాస్, ప్రాక్స్‌మాక్స్ అనే సర్వర్ సిస్టమ్‌లలోనూ ముందే ఉంటుంది. వీటిలో ఏదో ఒకటి వాడండి. ఎప్పటికప్పుడు కొత్త కెర్నల్ తెచ్చే డిస్ట్రిబ్యూషన్ మీద ఇంటి ఫోటోల కోసం జెడ్‌ఎఫ్‌ఎస్ వేయడం కోరి టెన్షన్ తెచ్చుకోవడమే.

ర్యామ్ విషయంలో దానికున్న చెడ్డపేరు అతిశయోక్తి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను క్యాష్‌గా వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే వదులుతుంది. 8 జీబీ ఉన్న పాత డెస్క్‌టాప్ ఇంటి పనికి చాలు. డీడూప్లికేషన్ (ఒకేలాంటి బ్లాకులను ఒక్కసారే దాచే పద్ధతి) జోలికి మాత్రం వెళ్లొద్దు, అదే ర్యామ్ మింగేది. తన తప్పులు తనే సరిచేసుకునే ఈసీసీ ర్యామ్ ఉంటే మంచిదే, లేదని ఆగక్కర్లేదు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ మాడ్యూల్ గొడవ లేదు. 4 టీబీ ఒకటి, 2 టీబీ రెండు ఉన్నా రెయిడ్1 కడుతుంది, ప్రతి బ్లాకుకీ రెండు కాపీలు వేర్వేరు డ్రైవుల మీద పెట్టి 4 టీబీ వాడుకోనిస్తుంది. మన ఇళ్లలో డ్రైవులు తలో సైజులో పోగవుతాయి కాబట్టి ఇది చిన్న సౌకర్యం కాదు. రెయిడ్5, రెయిడ్6 (పూర్తి కాపీకి బదులు సరిచూపు డేటా ఉంచి చోటు ఆదా చేసే పద్ధతులు) మాత్రం వద్దు. నిజమైన డేటాకి వాడొద్దని బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఇంకో మెలిక: వర్చువల్ మెషీన్ల ఫైళ్లకు కాపీ ఆన్ రైట్ ఆపమని సలహాలు కనిపిస్తాయి. అది ఆపితే ఆ ఫైళ్లకు చెక్‌సమ్ కూడా ఆగిపోతుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ మంచిదే. 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి అక్కడ అదే డీఫాల్ట్. కానీ దాన్ని తర్వాత కుదించలేరు, ఫైల్ లోపలి డేటాకి చెక్‌సమ్ అందులోనూ లేదు. ఈఎక్స్‌టీ4 ఉండగా ఇంటికి అది ప్రత్యేకంగా ఇచ్చేదేమీ లేదు. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ గురించి ఎవరైనా ఊరిస్తే ఆగండి. 2024 జనవరిలో 6.7 కెర్నల్‌తో లోపలికొచ్చి, 2025లోనే బయటికెళ్లిపోయింది. దాని పనితనం ఎలా ఉన్నా, పిల్లల ఫోటోలతో ప్రయోగం వద్దు.

ఐదో పని: వేయడం

ఈఎక్స్‌టీ4 అయితే మూడు సంగతులు. ఒకటి, అది మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్‌కి (సిస్టమ్ నిర్వాహకుడికి) అట్టిపెడుతుంది. 4 టీబీ డ్రైవులో అది 200 జీబీ. డేటా డ్రైవుకి అది అనవసరం, ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండుతో సున్నాకో ఒక శాతానికో దించండి. రెండు, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డ్రైవులు తగిలించాలో చెప్పే ఫైలు) డ్రైవును యూయూఐడీతో (దాని గుర్తింపు సంఖ్య) రాసి, నోఫెయిల్ అని చేర్చండి. లేకపోతే డ్రైవు లేచిరాని రోజు సర్వరే బూట్ కాకుండా కూర్చుంటుంది. మూడు, డ్రైవు మౌంట్ అయ్యే, అంటే సిస్టమ్‌లో అది కనిపించే చోటైన ఖాళీ ఫోల్డరుని, మౌంట్ చేయకముందే, చాటర్ కమాండుతో ఇమ్యూటబుల్ (ఏదీ రాయలేనట్టు) చేయండి. ఇలా చేయకపోతే డ్రైవు మౌంట్ కాని రోజు ఫోన్ల నుంచి వచ్చే ఫోటోలన్నీ చడీచప్పుడు లేకుండా సిస్టమ్ డిస్కులోకి పోయి అది నిండిపోతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే డ్రైవులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లతో ఇవ్వొద్దు, ఆ పేర్లు రీబూట్‌కి మారిపోతాయి. బై ఐడీ ఫోల్డర్‌లో ఉన్న పొడుగు పేర్లు వాడండి. వాటి చివర డ్రైవు సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరులో చివరి నాలుగు అక్షరాలు ఒక స్టిక్కరు మీద రాసి, డ్రైవు బిగించాక కూడా కనిపించే అంచు మీద అంటించండి. రేపు ఒక డ్రైవు పోయినప్పుడు రెండూ ఒకేలా నల్లగా కనిపిస్తాయి. కంగారులో బాగున్నదాన్ని పీకకుండా ఉండేది ఆ స్టిక్కరుతోనే. పూల్ కట్టేటప్పుడు ఆషిఫ్ట్ 12 (4 కేబీ సెక్టార్లకు సరిపడే అమరిక) అని ఇవ్వండి, తర్వాత మార్చడానికి ఉండదు. కంప్రెషన్ ఎల్‌జెడ్4 పెట్టండి.

ఇప్పుడు ఒకటే డ్రైవు కొని, వచ్చే జీతానికి రెండోది కొందామనుకునేవాళ్లు ఒక డ్రైవుతోనే జెడ్‌ఎఫ్‌ఎస్ మొదలుపెట్టొచ్చు. రెండోది వచ్చాక జెడ్‌పూల్ అటాచ్ అని చేరిస్తే మిర్రర్ అవుతుంది. పొరపాటున యాడ్ అని కొట్టారంటే మిర్రర్ కాదు, రెండు డ్రైవుల మీదికీ డేటా పంచేస్తుంది. ఇక ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. ఎంటర్ నొక్కేముందు ఆ ఒక్క పదం రెండుసార్లు చూడండి.

ఆరో పని: స్క్రబ్ పెట్టి, రిపోర్టు చదవడం నేర్చుకోండి

చెక్‌సమ్‌లు చదివినప్పుడే పని చేస్తాయి. ఎప్పుడో పెట్టిన పెళ్లి వీడియోని ఎవరూ తెరవకపోతే అది పాడైనట్టు ఎవరికీ తెలియదు. అందుకే నెలకోసారి స్క్రబ్ నడపాలి, అది మొత్తం చదివి సరిచూస్తుంది. సెకనుకి 150 మెగాబైట్ల లెక్కన 4 టీబీ నిండా ఉంటే ఏడెనిమిది గంటలు. ఉబుంటులో జెడ్‌ఎఫ్‌ఎస్ వేస్తే నెలవారీ స్క్రబ్ దానంతటదే షెడ్యూల్ అవుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి మీరే టైమర్ పెట్టుకోవాల్సి రావచ్చు, చూసుకోండి. ఎర్రర్ వస్తే ఫోన్‌కి మెసేజో మెయిలో వచ్చేలా కూడా ఇప్పుడే పెట్టండి.

మధురవాడలో ఉండే తమ్ముడు వరసవాడు ఒకడు రాత్రిపూట ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పూల్ డీగ్రేడెడ్ అంటోంది. ఫోటోలన్నీ పోయినట్టేనా?" డీగ్రేడెడ్ అంటే ఒక డ్రైవు సరిగా లేకుండానే పూల్ నడుస్తోందని. పూల్ స్టేటస్ చూపే తెర ఫోటో తీసి పంపమన్నాను. అందులో ఒక్కో డ్రైవు ఎదురుగా ఎర్రర్ల లెక్క మూడు నిలువు వరసల్లో ఉంటుంది: రీడ్, రైట్, సీకేసమ్ (చెక్‌సమ్ కలవనివి). ఒక డ్రైవుకి అన్నీ సున్నాలే. రెండోదానికి రీడ్ కింద 3, సీకేసమ్ కింద 41. కింద చివరి వాక్యం, తెలిసిన డేటా ఎర్రర్లు లేవు అని. చాలామంది చదవకుండా వదిలేసే ఆ చివరి వాక్యమే అసలైనది. ఫోటోలన్నీ క్షేమం అని దానర్థం. స్మార్ట్ తీయమన్నాను. 5, 197, 198 మూడూ సున్నా, 199 మాత్రం వందలు దాటింది. డ్రైవు తప్పు కాదు, కేబుల్‌ది. సర్వర్ ఆపి, సాటా కేబుల్ మార్చి, జెడ్‌పూల్ క్లియర్ కొట్టి, మళ్లీ స్క్రబ్ పెట్టాడు. తెల్లారేసరికి సున్నాలు. కొత్త డ్రైవు ఆర్డర్ పెట్టబోయినవాడు కేబుల్ ధరతో బయటపడ్డాడు. అదే 197 పెరుగుతూ ఉంటే మాత్రం ఆలోచించకుండా డ్రైవు మార్చేయమనేవాణ్ని. సీకేసమ్ ఎర్రర్లు రెండు డ్రైవులకీ ఒకేసారి వస్తుంటే డ్రైవులను వదిలేసి ర్యామ్, పవర్ సప్లై చూడండి.

ఏడో పని: కావాలని చెడగొట్టి చూడండి

అసలు డేటా పెట్టకముందే ఈ రిహార్సల్ చేయాలి. పోయినా పర్లేదనుకునే వీడియోలు కొన్ని పెట్టండి. షట్‌డౌన్ చేసి ఒక డ్రైవు కేబుల్ పీకండి. ఆన్ చేయండి. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే డీగ్రేడెడ్ అని చెప్పి పని కానిస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే మౌంట్ కానని మొండికేస్తుంది, డీగ్రేడెడ్ అనే ఆప్షన్ ఇచ్చి మౌంట్ చేయాలి. ఇది తెలియక డేటా పోయిందనుకుని ఫార్మాట్ చేసేసినవాళ్లున్నారు. మళ్లీ షట్‌డౌన్ చేసి కేబుల్ తగిలించి స్క్రబ్ పెట్టండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో డీగ్రేడెడ్‌గా ఉండగా రాసిన వాటికి ఒక్క కాపీయే ఉండొచ్చు, బ్యాలెన్స్ అనే కమాండుతో మళ్లీ రెయిడ్1కి మార్చాలి. కొట్టిన ప్రతి కమాండూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద.

ఎనిమిదో పని: ఊరవతల ఒక కాపీ

మిర్రర్ బ్యాకప్ కాదు. ఇంట్లో పిల్లాడు ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డ్రైవుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది. దానికి జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా నిలిపి ఉంచే ప్రతులు) ఉన్నాయి. రోజుకొకటి తీసేలా పెట్టి, నెల రోజులవి ఉంచండి, చోటు పెద్దగా తినవు. పిడుగుకీ, నీళ్లకీ, దొంగకీ మాత్రం స్నాప్‌షాట్ కూడా అడ్డు రాదు.

గాజువాకలో అత్తగారింట్లో ఒక డ్రైవు పెడతామంటే దొంగ విషయంలో సరిపోతుంది, తుపాను విషయంలో సరిపోదు. రెండిళ్లూ ఒకే తుపాను దారిలో ఉంటాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీవాళ్లింట్లో చిన్న మెషీను పెట్టి రాత్రిపూట రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాముతో పంపండి, లేదా రెండు వైపులా జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంటే దాని సెండ్, రిసీవ్ కమాండ్లతో. మొదటి కాపీ ఇంట్లోనే చేసి డ్రైవు చేత్తో తీసుకెళ్లండి, నెట్ మీద అంత డేటా పంపాలంటే వారాలు పడుతుంది. రెస్టిక్ తన చెక్‌సమ్‌లు, ఎన్‌క్రిప్షన్ తనే చూసుకుంటుంది కాబట్టి అవతల ఈఎక్స్‌టీ4 ఉన్నా చాలు. దాని పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ మొత్తం పోయినట్టే. అందుకని ఆ నోటుబుక్కులోనే పాస్‌వర్డ్, పూల్ పేరు, డ్రైవుల సీరియల్ నంబర్లు రాసి, అది ఏ అలమరాలో ఉందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తెచ్చి, అందులో ఫోటోలు చివరిదాకా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. సెప్టెంబర్‌లో తప్పకుండా ఒకసారి చూసుకోండి, తుపాన్లు మొదలయ్యేముందు.